ట్రాక్టరు ఇంజనులో క్యామ్‌షాఫ్ట్ టైమింగు లోపాల నిర్ధారణ

దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టరు లాగకపోయినా, తెల్లపొగ వదిలినా ముందుగా ఇంజెక్షన్ పంపునే అనుమానించడం పరిపాటి. పంపు, నాజిళ్లు సరిచేయించిన తరువాత కూడా లోపం పోకపోతే రైతు డబ్బుతోపాటు అదనును కూడా కోల్పోతాడు. ఇటువంటి సందర్భంలో విస్తరణ శాస్త్రవేత్త అడగవలసిన మొదటి ప్రశ్న: ఇంజనును ఇటీవల విప్పి బిగించారా?

కార్లలో బెల్టు సాగి పన్ను దాటవచ్చు. ట్రాక్టరు ఇంజనుల్లో క్యామ్‌షాఫ్ట్ సాధారణంగా గేర్లతో నడుస్తుంది. పన్ను విరగడం, కీ తెగడం వంటివి జరిగితే తప్ప ఆ అమరిక దానంతట అది మారదు. కాబట్టి బోరు చేయించిన నాటి నుండి మొదలైన బలహీనతకు కారణం చాలావరకు ఆ బిగింపులోనే ఉంటుంది.

క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. క్రాంక్ గేరుకు 28 పళ్లు ఉన్నాయనుకుంటే, ఒక పన్ను తేడా క్రాంక్ లెక్కలో సుమారు 13 డిగ్రీలు. క్యామ్ అంత వెనుకబడితే ఇన్‌లెట్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది. లోపలికి వచ్చిన గాలిలో కొంత వెనుకకు పోయి, సంపీడన పీడనం అన్ని సిలిండర్లలోనూ ఒకే తీరున తగ్గుతుంది. ఒక్క సిలిండరులోనే తగ్గితే రింగులు, వాల్వు సీటు, హెడ్ గ్యాస్కెట్‌లను చూడాలి. రింగులన్నీ అరిగినా అన్నిటా పీడనం తగ్గుతుంది గాని, అప్పుడు బ్రీదర్ నుండి పొగ బలంగా వస్తుంది. అయితే గేజిని పూర్తిగా నమ్మరాదు. క్యామ్ ముందుకు జరిగిన ఇంజను స్టార్టరుపై మంచి పీడనమే చూపి, పొలంలో చతికిలబడవచ్చు.

అందువల్ల హెడ్ కవరు తీసి చేసే పరీక్షే నమ్మదగినది. ముందుగా ట్యాపెట్ గ్యాపు సరిచేయాలి. గ్యాపు ఎక్కువైతే వాల్వు ఆలస్యంగా తెరుచుకొని త్వరగా మూసుకుంటుంది, దానిని టైమింగు దోషమని పొరబడవచ్చు. తరువాత ఒకటవ సిలిండరు పిస్టన్‌ను ఎగ్జాస్ట్ దశ చివర పైచివరి స్థానానికి తేవాలి. అక్కడ ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోవడానికి, ఇన్‌లెట్ వాల్వు తెరుచుకోవడానికి సిద్ధమై, రెండూ కొద్దికొద్దిగా తెరిచి ఉండాలి. ఎగ్జాస్ట్ బాగా తెరిచి, ఇన్‌లెట్ ఇంకా కదలకుంటే క్యామ్ వెనుకబడినట్లు. దీనికి విరుద్ధంగా ఉంటే ముందుకు జరిగినట్లు. తేడా ఎంతో తెలియాలంటే క్రాంక్ పుల్లీ చుట్టుకొలతను టేపుతో కొలిచి 360తో భాగించాలి. చుట్టుకొలత 540 మి.మీ. ఉంటే డిగ్రీకి 1.5 మి.మీ.; పైన చెప్పిన ఒక పన్ను తేడా పుల్లీపై సుమారు 19 మి.మీ.గా కనిపిస్తుంది. కంటికి దొరకని తేడా కాదది. వాల్వు తెరుచుకునే డిగ్రీలను ఆ మోడల్ పుస్తకంతో పోల్చాలి.

వాల్వు టైమింగు సరిగా ఉండి, పీడనమూ బాగుంటే అప్పుడు ఇంజెక్షన్ పంపు వంతు. చాలా ఇంజనుల్లో పంపు గేరు కూడా అదే గేర్ల వరుసలో ఉంటుంది కనుక ఐడ్లర్ గేరును తప్పుగా పెడితే రెండూ చెడవచ్చు.

టైమింగు కవరు విప్పినప్పుడు విద్యార్థులు తరచూ పొరబడే చోటు ఒకటుంది. గుర్తులు కలిపి బిగించి రెండు చుట్లు తిప్పగానే ఐడ్లర్ గేరు గుర్తులు కలవవు. వెంటనే తప్పు జరిగిందని మళ్లీ విప్పుతారు. ఐడ్లర్ పళ్ల సంఖ్యను బట్టి ఆ గుర్తులు తిరిగి కలవడానికి అనేక చుట్లు పట్టవచ్చు. గుర్తులు చూడవలసింది బిగించే క్షణంలోనే. బిగింపు పూర్తయ్యాక స్టార్టరు వాడకముందు క్రాంక్‌ను చేతితో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపాలి. డీజిల్ ఇంజనులో పిస్టన్‌కు, వాల్వుకు మధ్య ఎడం చాలా తక్కువ, బలవంతం చేస్తే పుష్‌రాడ్ వంగుతుంది.