అమీనులు: చేపనీచు మొదలు బోదకాలు మందు వఱకు



వండుటకు ముందు మన తల్లులు చేపముక్కలకు నిమ్మరసము పట్టించి కడుగుట మీ రెఱుగుదురు. అంతట నీచువాసన తగ్గును. ఆ వాసనకు ముఖ్యకారణము ట్రైమిథైల్ అమీను అను పదార్థము. పులుపు తగులగనే యది యేల యణగెను?

అమోనియా యణువునందు ఒక నత్రజని పరమాణువును, మూడు ఉదజని పరమాణువులును గలవు. ఆ యుదజనులలో ఒకటిగాని, రెండుగాని, మూడునుగాని తొలగి, వాని స్థానమున కర్బన సమూహములు చేరినచో నది అమీను అగును. అమీనులు సామాన్యముగా ఆమ్లముతో గలిసి లవణములగును. లవణము గాలిలోని కెగయదు. నీటిలో సులభముగ కరగిపోవును. చేపనీచు కడుగుడు పడుటకు హేతు విదియే.

ఈ గుణమే ద్రావణుల విషయమునను ఉపకరించును. ఎనుమాముల మార్కెట్టునకు ప్రత్తి వచ్చుట మనము చూచుచునే యున్నాము. ప్రత్తిగింజలనుండి నూనె తీయుటకు కర్మాగారములలో హెక్సేను అను ద్రావణిని వాడుదురు. అది పెట్రోలువలె భగ్గున మండును. నూనెనుండి దానిని వేఱుచేయుటకు కాచి యావిరి చేయవలెను. కెనడా దేశమున ఫిలిప్ జెస్సప్ ప్రభృతులు వేఱొక మార్గమును జూపిరి. డైమిథైల్ సైక్లోహెక్సైల్ అమీను నూనెను కరగించును, నీటితో అంతగా కలియదు. దానికి నీరు చేర్చి, గోలీసోడాలో నుండు బొగ్గుపులుసు వాయువును పంపినచో, అది లవణమై నీటిలోనికి జాఱును, నూనె విడివడును. పిమ్మట నీటిని వెచ్చజేసి వాయువును వెడలగొట్టినచో, అమీను మరల చేతికి వచ్చును. అయినను ఈ యమీనును చర్మమునకు తగిలినచో హాని చేయునదే. కావున హరిత ద్రావణి యను పేరు వినినంతనే మెచ్చరాదు. ఎంత తిరిగి దక్కెను, ఎంత నీటిపాలయ్యెను అని కొలిచి చూడవలెను.

ఇక ఔషధముల మాట. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాయందు హార్వర్డులో పరిశోధనలు సల్పి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలను జేరిరి. వారి నాయకత్వమున జరిగిన కృషివలన 1947లో డైయిథైల్ కార్బమజీన్ అను బోదకాలు మందు లోకమునకు లభించెను. దాని యణువు నడుమ పైపరజీన్ అను అమీను వలయ మున్నది. దానిని సిట్రిక్ ఆమ్లముతో గలిపి, నీట చక్కగా కరగు లవణముగ జేసి మాత్రలు కట్టుదురు. సిట్రిక్ ఆమ్లమనగా నిమ్మపండులోని పులుపే! వంటయింటి కిటుకే యిచ్చట మందైనది.

ఈ మందు నెత్తుట దిరుగు సూక్ష్మక్రిములను నశింపజేయును. కాని బాగుగ ముదిరిన వాపును మాన్పజాలదు. అందుచేతనే 2004 నుండి మన దేశమున వ్యాధిగల జిల్లాలయందు, శిశువులకును, గర్భిణులకును, తీవ్రరోగులకును దక్క, ఆరోగ్యవంతులకు గూడ ఏటేట నీ మాత్రల నిచ్చుచు వచ్చిరి. "నా కాలు బాగుగనే యున్నది, మాత్ర యెందులకు?" అని కొందఱు దానిని గోడచాటున పాఱవైచెదరు. కాలు బాగుగ నున్నప్పుడే యది పనిచేయును. వాచిన పిదప విచారించి ఫలమేమి?

విద్యార్థులారా! మాత్ర మీ చేతికి వచ్చిననాడు నిమ్మపండును దలచికొనుడు. ఇంటికేగి ఈ కారణమును మీ పెద్దలకును వివరింపుడు.