పారిపోయే ఖైదీని కాల్చవచ్చా?

మా అబ్బాయి కొత్తగా జైలు వార్డరయ్యాడు. ఖైదీ గోడ దూకితే కాల్చే హక్కు తనకుందంటాడు. కాల్చకపోతే ఉద్యోగం పోతుందట. నిజమేనా?
– ఒక తల్లి, ముత్తుకూరు

అమ్మా, మీవాడు సగమే విన్నాడు. జైల్లో తిరుగుబాటు జరిగినా, ఖైదీ పారిపోబోయినా ఆయుధాల వాడకంపై నిబంధనలు పెట్టుకోవచ్చని 1894 జైళ్ల చట్టం 59వ సెక్షన్ చెబుతోంది. అయితే నిబంధన చూపినంత మాత్రాన కోర్టు ఊరుకోదు, ప్రాణం తీయకుండా ఆపే దారి లేదా అని అడుగుతుంది.

చెముడుగుంట సెంట్రల్ జైల్లో చిల్లర దొంగతనం కేసు కుర్రాడు వట్టి చేతులతో గోడెక్కాడనుకోండి. చుట్టుముట్టి పట్టుకోవచ్చు. తప్పించుకున్నా పోలీసులు రేపో మాపో పట్టుకొస్తారు. అదే ఒకడు తోటి వార్డరు మెడమీద కత్తి పెడితే లెక్క వేరు. అక్కడ పనికొచ్చేది మీకూ నాకూ ఉన్న ఆత్మరక్షణ హక్కే. చావో, తీవ్రగాయమో తప్పదన్న భయానికి తగిన కారణముంటే ప్రాణం తీసేదాకా వెళ్లవచ్చంటుంది భారతీయ న్యాయ సంహిత 38వ సెక్షన్. అవసరాన్ని మించకూడదంటుంది 37. ఆ పరిస్థితి ఉందని చూపాల్సిన బరువు కాల్చినవాడిదే. హద్దు మీరినా పగ లేకుండా, విధి అనే నమ్మకంతో చేశాడని తేలితే హత్య కింద రాదు. శిక్ష మాత్రం తప్పదు.

‘పై ఆఫీసరు కాల్చమన్నాడు’ అన్నా చెల్లదు. బూటకపు ఎన్‌కౌంటర్ చేయమంటే కాదనడమే పోలీసు విధి అని 2011లో ప్రకాశ్ కదమ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఖైదీ తప్పించుకుంటే శాఖాపరమైన విచారణ రావచ్చు. హత్య కేసుతో పోలిస్తే అదెంత!

ఆలేరు దగ్గర వ్యానులో ఖైదీలను కాల్చింది జైలు సిబ్బందేనా?
– ఒక పాఠకుడు, కావలి

కాదు, ఎస్కార్టు పోలీసులు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు చనిపోయారు. ఆయుధం లాక్కోబోయారన్నది పోలీసుల మాట. బేడీలతో సీట్లలో పడి ఉన్న శవాల ఫోటోలు చూసినవాళ్లలో చాలామందికి ఆ మాట మింగుడుపడలేదు, నాకూ పడలేదు. ఇలాంటి మరణాల్లో మేజిస్ట్రేటు విచారణ, స్వతంత్ర దర్యాప్తు తప్పనిసరని సుప్రీంకోర్టు అంతకు కొద్ది నెలల ముందే, 2014 సెప్టెంబరులో పీయూసీఎల్ కేసులో చెప్పింది. ఆ పద్ధతి పాటించలేదనిపిస్తే మృతుడి కుటుంబం నేరుగా ఆ ప్రాంతపు సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేసుకోవచ్చు.