డబ్బా మీద 6, వాట్సాప్‌లో 8

ప్రశ్న: మాది కరీంనగర్. మా అబ్బాయి కంప్యూటర్ 2017లో కొన్నది. కొత్త గేములు ఆడటం లేదు, గ్రాఫిక్స్ కార్డు మార్పించమని ఆరు నెలలుగా ప్రాణం తీస్తున్నాడు. హైదరాబాద్‌లో ఒక షాపును అడిగితే 'ఆర్‌టీఎక్స్ 3050, 8 జీబీ, మూడేళ్ల వారంటీ' అని వాట్సాప్‌లో రేటు పంపారు. పోయిన వారం వెళ్లి డబ్బు కట్టి తెచ్చాను. బస్సు హడావిడిలో డబ్బా సరిగా చూసుకోలేదు. ఇంట్లో సీలు తీశాక మావాడు చూస్తే 6 జీబీ అని ఉంది. ఫోన్ చేస్తే 'రెండూ 3050లే సార్, సీలు తీశాక వాపసు తీసుకోం' అంటున్నారు. బిల్లులో 'గ్రాఫిక్స్ కార్డు-1' అని మాత్రమే రాశారు. నాకు దారేమైనా ఉందా?

జవాబు: ఉంది. ముందు ఒక పని చేయండి: ఆ కార్డును కంప్యూటర్‌లో బిగించకండి. బిగించి ఉంటే తీసి, తిరిగి డబ్బాలో పెట్టండి. ఎందుకో తర్వాత చెబుతాను.

'రెండూ 3050లే' అన్న మాట సగం నిజం. పేరు ఒకటే, సరుకు వేరు. 8 జీబీ కార్డులో 2560 కోర్లుంటాయి, 2024లో వచ్చిన 6 జీబీ కార్డులో 2304. మెమొరీకి వెళ్లే దారి కూడా 128 బిట్ల నుంచి 96 బిట్లకు తగ్గింది. ఒకే పేరుతో రెండు రకాలు అమ్మడం కొత్త కాదు. వెనక జీటీఎక్స్ 1060 కూడా 3 జీబీ, 6 జీబీ అని రెండు తీరుల్లో వచ్చింది, వాటిలోనూ కోర్ల లెక్క వేరే. (ఈ లెక్కలన్నీ నాకు మా ఇంట్లో ఉన్న గేమర్ నేర్పినవే.)

మీకు 1930 నాటి వస్తు విక్రయ చట్టం ఉపయోగపడుతుంది. వర్ణన చెప్పి సరుకు అమ్మితే, ఇచ్చే సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి అంటుంది 15వ సెక్షన్. మీ విషయంలో ఆ వర్ణన బిల్లులో లేదు, వాట్సాప్‌లో ఉంది. ఆ మెసేజే మీ కేసుకు ప్రాణం. అది ఉన్న ఫోన్ మార్చకండి, చాట్ తుడిచేయకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు, అసలు మెసేజ్ చూపించమంటే చూపించగలగాలి.

ఇక బిగించవద్దన్నది ఇందుకు. సరుకు నచ్చలేదని చెప్పకుండా ఎక్కువ రోజులు దగ్గర పెట్టుకుంటే, లేదా సొంత వస్తువులా వాడేస్తే, మీరు దాన్ని అంగీకరించినట్టే లెక్క (42వ సెక్షన్). అప్పుడు మొత్తం డబ్బు వాపసు అడిగే హక్కు జారిపోయి, నష్టపరిహారం అడగడమే మిగులుతుంది. ఒకవైపు షాపుతో కొట్లాట, మరోవైపు అదే కార్డు మీద మీవాడి ఆట. ఇలాంటి కేసులు అక్కడే బలహీనపడతాయి. 'ఇది నేను అడిగిన సరుకు కాదు, తిరస్కరిస్తున్నాను, వచ్చి తీసుకెళ్లండి' అని ఈరోజే మెసేజ్ పెట్టండి. తిరస్కరించిన సరుకును మోసుకెళ్లి ఇవ్వాల్సిన బాధ్యత కూడా మీది కాదు, తెలియజేస్తే చాలు (43వ సెక్షన్).

'సీలు తీశాక వాపసు లేదు' అన్నదానికి భయపడకండి. సీలు తీయడం సరుకు పాడుచేయడం కాదు. అడిగినదొకటి, ఇచ్చినదొకటి అయినప్పుడు ఆ మాట షాపును కాపాడదు.

ఒక మాట మాత్రం నిక్కచ్చిగా చెప్పాలి. మీ పాత కంప్యూటర్‌కు నిజానికి ఆ 6 జీబీ కార్డే నయమేమో! అది 70 వాట్లతో నడుస్తుంది, చాలా మోడళ్లకు విడిగా కరెంటు తీగ అక్కర్లేదు. 8 జీబీది 130 వాట్లు తాగుతుంది, పవర్ సప్లై నుంచి తీగ తగిలించాలి. పాత పవర్ సప్లైలో ఆ తీగ లేకపోతే అదో కొత్త ఖర్చు. మీ అబ్బాయి కంప్యూటర్ మూత తీసి ఒకసారి చూడండి. 6 జీబీదే సరిపోతుందనుకుంటే, రెండింటి రేటు తేడా వాపసు తీసుకుని రాజీపడటం తెలివైన పని.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కార్డు మంచిదే, కానీ క్యాబినెట్‌లో పట్టలేదు, పవర్ చాలలేదు అంటే అది సరుకులో లోపం కాదు, మన ఎంపికలో లోపం. దీనికి ఒక మినహాయింపు ఉంది. 'నా మదర్‌బోర్డు ఇది, పవర్ సప్లై 450 వాట్లు, దీనికి నడిచే కార్డు ఇవ్వండి' అని చెప్పి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి కొంటే, సరిపోయే సరుకు ఇవ్వాల్సిన బాధ్యత వాడి మీద పడుతుంది (16వ సెక్షన్). 'ఫలానా కంపెనీ ఫలానా నంబరు కార్డు ఇవ్వండి' అని మీరే పేరు పెట్టి అడిగితే ఆ రక్షణ చాలావరకు పోతుంది. కాబట్టి కొనేముందు అడిగే ప్రశ్న నోటితో కాదు, మెసేజ్‌లో అడగండి.

బిల్లు సంగతి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న షాపు 200 రూపాయలకు తగ్గని అమ్మకానికి బిల్లు ఇవ్వాల్సిందే. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఇచ్చిన బిల్లులో మోడల్ పూర్తి పేరు, జీబీ, సీరియల్ నంబరు ఉండాలని పట్టుబట్టండి. రేపు వారంటీకి వెళ్లినా అడిగేది ఆ నంబరే.

సెకండ్‌హ్యాండ్ జోలికి వెళ్లేవారికీ ఒక మాట. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీకి గ్రాఫిక్స్ కార్డులతో చేసే మైనింగ్ ఆగిపోయాక, ఆ పనికి రాత్రింబవళ్లు నడిచిన కార్డులు పాత సరుకు మార్కెట్లోకి వచ్చాయి. వ్యాపారి కాని వ్యక్తి తన సొంత కార్డు అమ్మితే అతని మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కష్టం, సివిల్ కోర్టే దిక్కు.

మళ్లీ మీ విషయానికి. షాపుకు 15 రోజుల గడువిస్తూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. లాయర్ అక్కర్లేదు, మీ చేతిరాత చాలు. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. చాలా షాపులు ఈ దశలోనే దిగివస్తాయి. దిగిరాకపోతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. షాపు హైదరాబాద్‌లో ఉన్నా మీరు కరీంనగర్‌లోనే వేయవచ్చు, 2019 చట్టం మీరు నివసించే చోటే ఫిర్యాదు చేసే వీలు ఇచ్చింది. కట్టిన డబ్బు 5 లక్షలు దాటనంత వరకు కోర్టు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. పరీక్ష అవసరం లేని కేసును మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుందనుకోండి.

1915 వాళ్లు ఇచ్చే డాకెట్ నంబరును ఆ బిల్లు వెనకే రాసి పెట్టుకోండి.