మిడి ఎడిటింగ్ మొదలుపెడుతున్నారా? ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలో ఇలా తేల్చుకోండి

ఒక మామూలు ల్యాప్‌టాప్, ఒక హెడ్‌ఫోన్ ఉంటే చాలు, ఇంట్లోనే పాటకి ట్రాక్ చేసుకోవచ్చు. పక్కన చిన్న కీబోర్డ్ ఉంటే ఇంకా మంచిది. లేకపోయినా మౌస్‌తో నడిచిపోతుంది. అయినా చాలామంది మొదటి వారంలోనే ఆపేస్తారు. సంగీతం రాక కాదు, తమకి కావాల్సింది ఒకటైతే ఇన్‌స్టాల్ చేసుకున్నది ఇంకొకటి కావడం వల్ల. "బెస్ట్ మ్యూజిక్ సాఫ్ట్‌వేర్" అని సెర్చ్ చేస్తే స్టూడియోల్లో వాడేవన్నీ వస్తాయి. మీకు ఉన్నదేమో ఒక్క మిడి ఫైల్. దాని స్కేల్ మార్చాలి, రెండు నోట్లు సరిచేయాలి. అంతే.

ముందు ఆ ఫైల్‌లో ఏముంటుందో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. మిడి స్టాండర్డ్ 1983లో వచ్చింది. వేరే వేరే కంపెనీల కీబోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి తయారుచేసిన భాష ఇది. దీనికి పునాది వేసిన డేవ్ స్మిత్, రోలాండ్ కంపెనీ స్థాపకుడు ఇకుతారో కకెహాషి ఇద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. మిడి ఫైల్‌లో శబ్దం ఉండదు. ఏ మీట ఎప్పుడు నొక్కాలి, ఎంత గట్టిగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి అనే సూచనలే ఉంటాయి. నోట్లకి 0 నుంచి 127 వరకు నంబర్లు, నొక్కిన బలానికీ 127 వరకు నంబర్లు, మొత్తం 16 ఛానెళ్లు. అందుకే 3 నిమిషాల పాట 128 కేబీపీఎస్ ఎంపీ3లో దాదాపు 3 ఎంబీ ఉంటే, మిడిలో మామూలుగా కొన్ని పదుల కేబీలే ఉంటుంది.

కాబట్టి ఎంపీ3 పేరు మార్చి మిడిగా సేవ్ చేస్తే ఏమీ రాదు. స్పాటిఫై 2022లో ఉచితంగా వదిలిన బేసిక్ పిచ్ లాంటి టూల్స్ ఆడియోని మిడిగా మారుస్తాయి కానీ ఒక్క ఫ్లూట్, ఒక్క గిటార్ లాంటివైతేనే బాగా వస్తుంది. ఫుల్ సినిమా పాట ఇస్తే నోట్లన్నీ కుప్పగా పడతాయి, దాన్ని బాగుచేసే బదులు మళ్లీ వాయించడమే తేలిక.

ఇంకో విషయం. ఫైల్‌లో శబ్దం లేదు కాబట్టి వినిపించేది మీ సాఫ్ట్‌వేర్ దగ్గరున్న శబ్దమే. విండోస్‌లో డిఫాల్ట్‌గా ఉండే మైక్రోసాఫ్ట్ జీఎస్ వేవ్‌టేబుల్ సింత్‌లో ఏ పాటైనా పాత వీడియో గేమ్‌లా ఉంటుంది. దాంతో విని ఫైల్ బాగాలేదని డిలీట్ చేయకండి. జనరల్ యూజర్ జీఎస్ లాంటి ఉచిత సౌండ్‌ఫాంట్ ఒకటి దింపుకోండి, అదే ఫైల్ వేరేగా వినిపిస్తుంది. వాయిద్యాలకి కూడా నంబర్లు ఉంటాయి. 1991 నాటి జనరల్ మిడి లిస్టులో 128 వాయిద్యాలుంటాయి. సితార్ 105, షెహనాయ్ 112. వీణ లేదు, మృదంగం లేదు. వాటికి వేరే సౌండ్‌ఫాంటో ప్లగిన్నో వెతుక్కోవాల్సిందే.

పది నిమిషాల టెస్ట్

రివ్యూలు చదివే కంటే ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఒకే చిన్న పని చేసి చూడండి. కర్ణాటక సంగీతంలో మొదట నేర్పే మాయామాళవగౌళ తీసుకుందాం. స షడ్జమం సి మీద పెడితే నోట్ నంబర్లు ఇవి: 60, 61, 64, 65, 67, 68, 71, 72. ఈ 8 నోట్లు వేయండి, టెంపో మార్చండి, వాయిద్యాన్ని ఫ్లూట్‌కి మార్చండి, మిడిగా బయటికి తీయండి. ఎక్కడ చిక్కుకుంటారో అదే ఆ సాఫ్ట్‌వేర్ గురించి అసలు రివ్యూ.

ఈ టెస్ట్‌లో నా మొదటి ఓటు సిగ్నల్‌కి. మెసేజింగ్ యాప్ కాదు, ఇది వేరే. సిగ్నల్ మిడి ఎడిటర్ అని వెతకండి. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఇన్‌స్టాల్ గొడవ లేదు. ఫైల్ తెరవగానే పియానో రోల్ కనిపిస్తుంది, అంటే ఎడమవైపు మీటలు, కుడివైపు కాలం వెంట నోట్ల గీతలు. వాయిద్యాల శబ్దం కూడా దాంతోనే వస్తుంది. సేవ్ చేస్తే మిడి ఫైలే వస్తుంది. ఒక్క ఫైల్‌లో తప్పులు దిద్దడానికి ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు. విండోస్‌లో ఆఫ్‌లైన్‌గా కావాలంటే సెకైజు ఉంది. చూడ్డానికి పాతకాలం నాటిది, కానీ తేలిక. ప్రతి ఈవెంట్‌ని లిస్టుగా చూపిస్తుంది.

పాట మొదటి నుంచీ కట్టాలంటే ఎల్‌ఎంఎంఎస్. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింట్లో ఉంది. ఒక్క మెలిక: మిడి ఫైల్ ఇంపోర్ట్ చేసే ముందు సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ సౌండ్‌ఫాంట్ పెట్టాలి. పెట్టకపోతే నోట్లన్నీ వస్తాయి, శబ్దం మాత్రం రాదు. ఈ ఒక్క కారణంతో దాన్ని అన్ఇన్‌స్టాల్ చేసేవాళ్లు బోలెడు మంది. ఇంకా, గొంతు రికార్డ్ చేసుకునే పని ఉంటే ఇది కుదరదు. నోట్ల వరకే.

స్టాఫ్ నోటేషన్ చదవగలిగితే, లేదా చర్చి కోయర్‌కో గిటార్ క్లాసుకో ప్రింట్ తీయాల్సి ఉంటే మ్యూజ్‌స్కోర్ స్టూడియో. అదీ ఉచితమే. అయితే లైవ్‌గా వాయించి రికార్డ్ చేసిన మిడి అందులో తెరిస్తే పేజీ నిండా ముక్కలు ముక్కలుగా చిన్న నోట్లు కనిపిస్తాయి. మన వేళ్లు తాళానికి కొంచెం అటూ ఇటూ పడటమే దానికి కారణం. ముందు క్వాంటైజ్ చేసి, అంటే నోట్లని దగ్గరి తాళం గీతకి జరిపి, అప్పుడు తెరవాలి.

రీపర్ 60 రోజులు ట్రయల్, ఆ తర్వాత వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లు. మిడి ఎడిటర్ చాలా గట్టిది, పాత ల్యాప్‌టాప్‌లోనూ తేలిగ్గా నడుస్తుంది. కానీ మిడి ఫైల్ లాగి వదిలితే నిశ్శబ్దం. వాయిద్యాల శబ్దాల్ని సౌండ్‌ఫాంట్‌లు చదివే స్ఫోర్జాండో లాంటి ఉచిత ప్లగిన్‌తో మనమే కలుపుకోవాలి. బిగినర్‌కి ఇది మొదటి మెట్టు కాదని నా అభిప్రాయం, రెండోది. ఎఫ్‌ఎల్ స్టూడియో పియానో రోల్ అందరికంటే హాయిగా ఉంటుంది, ఒప్పుకోవాల్సిందే. ట్రయల్‌లో ప్రాజెక్ట్ సేవ్ అవుతుంది కానీ కొనేవరకు మళ్లీ తెరుచుకోదు. అందుకని టెలిగ్రామ్‌లో దొరికే క్రాక్ వేసుకోవద్దు. మీ బ్యాంక్ యాప్, యూపీఐ లాగిన్లు ఉన్న ల్యాప్‌టాప్‌లో ఎవరో మార్చిన ఫైల్‌కి అడ్మిన్ పర్మిషన్ ఇస్తున్నట్టు లెక్క. మ్యాక్ ఉన్నవాళ్లకి గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, మిడి లోపలికి తీసుకుంటుంది, కానీ నేరుగా మిడిగా బయటికి ఇవ్వదు. మన టెస్ట్‌లో చివరి అడుగు దగ్గరే ఆగిపోతుంది.

ఫోన్ సంగతి? చేయొచ్చు. కానీ 6 అంగుళాల తెర మీద రెండు గీతల మధ్య నోట్ పట్టుకుని జరపడం ఓపిక పరీక్ష. ట్రాక్ వినడానికి, టెంపో మార్చడానికి ఫోన్ సరే.

శ్రుతి మార్చేటప్పుడు డ్రమ్స్‌ని వదిలేయండి

ఇంట్లో మిడి ఎడిట్ చేసేవాళ్లకి ఎక్కువగా తగిలే పని ఇదే. ట్రాక్ ఒకటి శ్రుతిలో ఉంది, పాడే అమ్మాయికి రెండు కావాలి. అన్నీ సెలెక్ట్ చేసి 2 సెమీటోన్లు పైకి జరిపేస్తారు. మెలొడీ సరిగ్గానే వస్తుంది, బీట్ మాత్రం పిచ్చిగా మారుతుంది. ఎందుకంటే జనరల్ మిడిలో 10వ ఛానెల్ డ్రమ్స్‌ది. అక్కడ నోట్ నంబర్ అంటే స్వరం కాదు, వాయిద్యం. 36 బేస్ డ్రమ్, 38 స్నేర్, 42 మూసిన హై-హాట్. 2 కలిపితే బేస్ డ్రమ్ ఉన్న ప్రతిచోటా స్నేర్ మోగుతుంది. కాబట్టి 10వ ఛానెల్ తప్ప మిగతావే జరపాలి. ఛానెల్‌వారీగా ట్రాకులు విడదీసి చూపించే సాఫ్ట్‌వేర్ కావాలనడానికి ఇదొక్కటే చాలు. కొన్ని ఫైళ్లలో ఛానెళ్లన్నీ ఒకే ట్రాక్‌లో కలిసి ఉంటాయి, వాటిని ఫార్మాట్ 0 అంటారు. అలాంటివైతే ముందు విడదీయాలి.

గమకం దగ్గర ఇంకో చిక్కు. పియానో రోల్‌లో రి నుంచి గ కి జారడం గీతల మధ్య ఉండదు, పిచ్ బెండ్‌తో గీయాలి. డిఫాల్ట్ బెండ్ రేంజ్ పైకి 2, కిందికి 2 సెమీటోన్లే. మాయామాళవగౌళలో రి 61, గ 64, తేడా 3. ఎంత లాగినా గ అందదు. ప్లగిన్‌లో గానీ సౌండ్‌ఫాంట్ ప్లేయర్‌లో గానీ రేంజ్‌ని 12కి పెంచితే పని అవుతుంది. బెండ్ ఒక్క నోట్‌కి కాదు, ఆ ఛానెల్ మొత్తానికి పడుతుంది. గమకాలున్న మెలొడీకి విడిగా ఒక ఛానెల్ ఇవ్వండి, లేకపోతే వెనకున్న కార్డ్స్ కూడా దాంతో పాటు జారతాయి.

చివరిగా సేవ్ గురించి. ఎల్‌ఎంఎంఎస్, రీపర్, ఎఫ్‌ఎల్‌లో కంట్రోల్ ఎస్ కొడితే సేవ్ అయ్యేది వాటి సొంత ప్రాజెక్ట్ ఫైల్. అది మీ ఫ్రెండ్ కీబోర్డ్‌లో పెన్‌డ్రైవ్ పెడితే కనిపించదు. ఎక్స్‌పోర్ట్‌లో మిడి ఎంచుకుని విడిగా తీయాలి. తీశాక అదే ఫైల్‌ని సిగ్నల్‌లో ఒకసారి తెరిచి చూడండి. టెంపో, వాయిద్యాల నంబర్లు, 10వ ఛానెల్ మూడూ సరిగ్గా ఉంటే పంపేయొచ్చు.