ఆంగ్ల నాటకశాలల చరిత్రకు ఆధారములు - సాక్ష్యవిమర్శ

షేక్స్పియరు నాటకములు మన విశ్వవిద్యాలయములందు చిరకాలముగా పఠింపబడుచున్నవి. పందొమ్మిదవ శతాబ్దిలోనే వావిలాల వాసుదేవశాస్త్రిగారు జూలియస్ సీజరు నాటకమును తెనిగించిరి. కాని ఆ నాటకములు మొదట ఎట్టి వేదికపై ప్రదర్శింపబడినవి, ప్రేక్షకుడు ఎచట నిలిచి చూచెను, ఎంత రుసుము చెల్లించెను అను ప్రశ్నలు చదువరికి తట్టుట అరుదు. తట్టినను, పాఠ్యగ్రంథముల పీఠికలలో వానికి సమాధానముగా ఒక చక్కని చిత్రము సిద్ధముగా నుండును. గుండ్రని కట్టడము, నడుమ కప్పులేని ముంగిలి, చుట్టును మూడంతస్తుల వసారాలు, ముంగిలిలోనికి చొచ్చుకొనివచ్చిన వేదిక. ఈ చిత్రమున ఏ రేఖ సాక్ష్యమువలన ఏర్పడినది? ఏ రేఖ ఊహవలన చేరినది? ఈ వ్యాసమున విచారింపదలచిన విషయమిది.

మనకు భరతుని నాట్యశాస్త్రము కలదు. దాని రెండవ యధ్యాయము నాట్యమండపముల భేదములను, కొలతలను విధించుచున్నది. ఆంగ్లేయులకు ఆ కాలమున అట్టి లక్షణగ్రంథము లేదు. 1567 మొదలు 1642 సెప్టెంబరు 2వ తేదీన పార్లమెంటు నాటకములను నిలుపుదల చేయువఱకు, లండను పరిసరములందు లేచిన బహిరంగ నాటకశాలలలో నేడు ఒకటియు నిలిచి లేదు. వానిని గూర్చి మనకు మిగిలినవి వడ్రంగులతో చేసికొనిన ఒడంబడికలు, ఒక వ్యాపారి లెక్కల పుస్తకము, దావాల కాగితములు, అధికారుల లేఖలు, విదేశయాత్రికుల వ్రాతలు మాత్రమే. వీనిలో పెక్కు నాటకచరిత్రకొఱకు వ్రాయబడినవి కావు. ఆ కారణముననే వానికి విలువ హెచ్చు అనుట నా అభిప్రాయము. ఐనను ప్రతి పత్రమును అది పుట్టిన ప్రయోజనము నెఱిగి చదువవలెను.

1. లెక్కల పుస్తకము

ఆధారములలో ప్రథమగణ్యమైనది ఫిలిప్ హెన్‌స్లో లెక్కల పుస్తకము. ఇతడు 1587లో థేమ్సునదికి దక్షిణపుటొడ్డున రోజ్ నాటకశాలను కట్టించెను. ఆ పుస్తకమును మొదట అతని సోదరుడు అడవి, ఇనుప పనుల లెక్కలకు వాడెను. మిగిలిన పుటలలో హెన్‌స్లో 1592 నుండి తన నాటకశాల రాబడిని, నటులకిచ్చిన అప్పులను, రచయితలకిచ్చిన సొమ్మును, ఉడుపుల వెలలను వ్రాసికొనెను. అతని అల్లుడును ప్రసిద్ధనటుడును అగు ఎడ్వర్డ్ అలెన్ స్థాపించిన డల్విచ్ కళాశాలలో అది నేటికిని భద్రముగా నున్నది.

ఇందు ఆరవ హెన్రీ అను నాటకమునకు మార్చి 3వ తేదీన 3 పౌనులు 16 షిల్లింగులు 8 పెన్నీలు జమ వ్రాయబడినవి. పుస్తకమున సంవత్సరము 1591 అని యుండును; మన గణనప్రకారము అది 1592. అప్పటి ఆంగ్లేయులకు నూతనసంవత్సరము మార్చి 25వ తేదీన మొదలగుచుండుటయే దీనికి హేతువు. ఈ సంగతి నెఱుగనివాడు నాటకముల కాలక్రమమును ఒక యేడు తప్పించును. ఇంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి కలదు. ఆ జమ మొత్తము వసూలు కాదనియు, వసారాల రాబడిలో నాటకశాల యజమానికి చెందు భాగము మాత్రమే యనియు పండితులు సాధారణముగా నిర్ణయించుచున్నారు. కావున ఆ సొమ్మును పెన్నీలుగా మార్చి, అంతమంది ప్రేక్షకులు వచ్చిరని చెప్పుట సరికాదు. హెన్‌స్లో తనకు చేరినదానిని వ్రాసికొనెనే కాని ముంగిలిలో నిలిచినవారిని లెక్కింపలేదు.

2. ఒడంబడికలు

1600 జనవరి 8వ తేదీన హెన్‌స్లో, అలెన్‌లు పీటర్ స్ట్రీట్ అను వడ్రంగితో ఫార్చ్యూన్ నాటకశాల నిర్మాణమునకు 440 పౌనులకు ఒప్పందము చేసికొనిరి. కట్టడము వెలుపల 80 అడుగుల చదరము, లోపల 55 అడుగుల చదరము. మూడంతస్తుల యెత్తులు క్రమముగా 12, 11, 9 అడుగులు. వేదిక వెడల్పు 43 అడుగులు. అది ముంగిలి నడుమవఱకు రావలెను. ఇంతటి స్పష్టమైన సాక్ష్యము మఱియొకటి లేదు.

కాని ఎచట మనకు వివరము మిక్కిలి కావలసియున్నదో అచటనే పత్రము మౌనము వహించును. వేదికయు మెట్లును ఎట్లుండవలెననుటకు జతపఱచిన పటమును చూడుమని అది చెప్పును. ఆ పటము నష్టమైనది. పెక్కు విషయములందు గ్లోబ్ వలె నుండవలెనని చెప్పును. ఆ గ్లోబ్‌ను కట్టినవాడు ఆ స్ట్రీటే కావున అతనికి అంతకుమించి చెప్ప నక్కఱ లేకపోయెను. వడ్రంగికి చాలినది చరిత్రకారునికి చాలకపోయినది. అంతియేకాక, ఫార్చ్యూన్ చదరపుకట్టడము. గ్లోబ్ బహుభుజాకృతి గలది. కావున ఒకదాని కొలతలను మఱియొకదానికి తగిలించుటలో ఎల్లప్పుడును ఊహ కొంత యుండును.

1613 ఆగస్టు 29వ తేదీ నాటి హోప్ నాటకశాల ఒడంబడిక మఱియొకటి. అచట నాటకములును ఎలుగుబంట్లపై కుక్కలను ఉసికొల్పు వేడుకయు రెండును జరుగవలసియుండెను. అందుచేత వేదిక తీసివేయుటకు వీలుగా నుండవలెననియు, దానిపై కప్పు స్తంభములు లేకుండ నిలువవలెననియు విధింపబడినది. అప్పటికే యున్న స్వాన్ నాటకశాలయే దీనికి మాదిరి. ఈ సంగతి ముందు పనికివచ్చును.

3. దావాలు

జేమ్స్ బర్బేజ్ 1576లో తన బావమఱది జాన్ బ్రేన్‌తో కలిసి షోర్డిచ్‌లో థియేటర్ అను పేరుగల నాటకశాలను కట్టెను. స్థలము 21 సంవత్సరముల కౌలునకు తీసికొనినది. కౌలు తీరిన పిమ్మట వివాదము పెరుగగా 1598 డిసెంబరు 28వ తేదీన బర్బేజ్ కుమారులు కట్టడమును విప్పించి, ఆ దూలములను నది దాటించి, 1599లో గ్లోబ్ నిర్మాణమున వాడుకొనిరి. భూస్వామి దావా వేసెను. కావుననే ఈ వృత్తాంతము మనకు తెలిసినది. కలహము లేనిచో కాగితము లేదు, కాగితము లేనిచో చరిత్రయు లేదు.

బ్రేన్ మరణించిన పిమ్మట అతని భార్యకును బర్బేజ్‌లకును నడచిన వ్యాజ్యమున, రుసుము వేయు పెట్టెకు బర్బేజ్ దొంగతాళపుచెవి చేయించుకొనెనని ఒక సాక్షి చెప్పెను. ఇది నిజమో, పగవలన కల్పించిన మాటయో నిర్ణయింపజాలము. కాని తాళము వేసిన పెట్టెలో సొమ్ము చేర్చి పిమ్మట పంచుకొను పద్ధతి యుండెననుట ఆ నిందకే ఆధారభూతమైన విషయము. నిందను నమ్మనివాడును దానిని కాదనడు. వ్యాజ్యపత్రములను చదువు మార్గమిదియే. వాదులు దేనిని గూర్చి పోరాడిరో దానియందు వారిని శంకింపవలెను. పోరాడక యథాలాపముగా చెప్పినదానిని గ్రహింపవలెను.

అధికారుల లేఖలకును ఈ నియమమే వర్తించును. 1597 జులై 28వ తేదీన రాణీగారి మంత్రిమండలి లండను పరిసరముల నాటకశాలలను పడగొట్టుడని ఆజ్ఞాపించెను. ఆ యొక్క పత్రమే మిగిలియున్నచో అవి అప్పుడే నేలమట్టమైనవని మనము వ్రాసియుందుము. కాని కర్టెన్ నాటకశాల ఆ పిమ్మటను పెక్కేండ్లు నిలిచినది. ఆజ్ఞ ఆజ్ఞకే సాక్ష్యము, దాని అమలునకు కాదు.

4. చూచినవారి మాటలు

కన్నులార చూచినవాని వ్రాత అన్నిటికంటె నమ్మదగినదని తోచును. కాని అది అంత సులభము కాదు. బహిరంగ నాటకశాల లోపలి భాగమును ఆ నాటకములు నడచుచుండిన కాలముననే చిత్రించిన పటము ఒక్కటే ప్రసిద్ధము: 1596 ప్రాంతమున యోహానెస్ డివిట్ అను డచ్చిదేశీయుడు వ్రాసిన స్వాన్ చిత్రము. అతని మూలము నష్టమైనది. మిత్రుడు వాన్ బుఖెల్ తీసికొనిన ప్రతి ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమున దొరకగా, గేడెర్ట్స్ అను జర్మను పండితుడు దానిని 1888లో ప్రకటించెను. ప్రతి తీసినవాడు స్వాన్‌ను చూచినవాడో కాడో మనకు రూఢి లేదు.

డివిట్ ఆ నాటకశాలను రోమకుల రంగములతో పోల్చి, భాగములకు లాటిను పేరులిడెను. కట్టడము చెకుముకిరాళ్లతో కట్టబడినదనియు, మూడువేలమంది పట్టుదురనియు వ్రాసెను. కాని స్వాన్‌ను మాదిరిగా గొన్న హోప్ ఒడంబడిక ఇటుక పునాదిపై కొయ్యకట్టడమును విధించుచున్నది. కొయ్యచట్రము నడుమ పూతను చూచి డివిట్ రాయి యనుకొనెనా? చెప్పజాలము. చిత్రమున వేదిక వెనుక రెండు తలుపులే కలవు. నడుమ తెరచి చూపు స్థలము లేదు. పెక్కు నాటకములకు అట్టి స్థలము కావలసియున్నది. ఒక పటమును బట్టి అన్ని నాటకశాలలను నిర్ణయించుటలోని ప్రమాదము దీనివలన స్పష్టమగును.

బాసెల్ నగరవాసి థామస్ ప్లాటర్ 1599 సెప్టెంబరు 21వ తేదీన నది దాటి, గడ్డికప్పు గల శాలలో సీజరు నాటకమును సుమారు 15 మంది పాత్రధారులతో చూచెను. నిలిచి చూచుటకు ఒక పెన్నీ, కూర్చుండుటకు మఱియొకటి, మెత్తపై కూర్చుండుటకు మూడవది అని రుసుములను వ్రాసెను. అతడు శాల పేరును గాని కవి పేరును గాని చెప్పలేదు. అది గ్లోబ్ యనియు, నాటకము షేక్స్పియరుదనియు మనము చెప్పుట బలమైన అనుమానప్రమాణము, ప్రత్యక్షము కాదు. ఇక హాలర్ 1647లో ప్రకటించిన లండను దృశ్యపటమున గ్లోబ్ పేరును ఎలుగుబంట్ల శాల పేరును ఒకదానికొకటి తారుమారైనవి. చిత్రము సరియైనదే, పేరు తప్పినది.

5. కూటసాక్ష్యము

పందొమ్మిదవ శతాబ్దిలో జాన్ పేన్ కోలియర్ అను పండితుడు 1845లో హెన్‌స్లో పుస్తకమును ప్రకటించెను. కాని అందులోను ఇతర పత్రములలోను కల్పిత వాక్యములు చేరియుండుట పిమ్మట బయటపడినది. డబ్ల్యు. డబ్ల్యు. గ్రెగ్ పండితుడు ఇరువదవ శతాబ్ది యారంభమున ఆ పుస్తకమును తిరిగి పరిష్కరించి కల్పితములను వేఱుచేయవలసివచ్చెను. ఈ మోసమువలన కలిగిన నష్టము అబద్ధము వ్యాపించుట యొక్కటియే కాదు. నిజమైన పత్రములకు సైతము సందేహము తగిలినది. పీటర్ కన్నింగ్‌హామ్ ప్రకటించిన 1604-05 నాటి రాజాస్థాన వినోదముల లెక్కలు కూటములని చాలకాలము త్రోసివేయబడి, పరీక్షలపిమ్మట ఇరువదవ శతాబ్దిలో సత్యములని అంగీకరింపబడినవి. ఒకని అపరాధము ఇతరుల సాక్ష్యమునుగూడ మూగవోజేసినది.

6. భూమి చెప్పిన తీర్పు

1989లో రోజ్ నాటకశాల పునాదులు బయల్పడినవి. అది సుమారు 72 అడుగుల వ్యాసముగల బహుభుజాకృతి. వేదిక ఊహించినదానికంటె లోతు తక్కువది. హెన్‌స్లో 1592లో సుమారు 105 పౌనులు వ్యయము చేసినట్లు లెక్కలలో కలదు. పలకలు, మేకులు, సున్నము, గడ్డికప్పు వేయువాని కూలి అన్నియు కలవు; చేసిన మార్పేమో మాత్రము లేదు. శాల ఉత్తరభాగమును వెలుపలికి జరిపి వేదికను వెనుకకు త్రోసి ముంగిలిని విస్తరింపజేసినట్లు త్రవ్వకములు చూపినవి. పుస్తకము ఖర్చు చెప్పినది. మన్ను పని చెప్పినది.

2012లో కనుగొని 2016లో త్రవ్విన కర్టెన్ పండితులను విస్మయపఱచినది. గుండ్రని శాలయని భావింపబడుచుండిన అది సుమారు 22 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల పొడవుగల దీర్ఘచతురస్రముగా నుండెను. పీఠికలలోని చక్కని చిత్రము అన్ని శాలలకును చెల్లదని దీనివలన తేలినది.

ఇంకొక యుదాహరణము నా వాదమునకు మిక్కిలి అనుకూలము. 1567లో బ్రేన్ కట్టించిన రెడ్ లయన్ నాటకశాలను గూర్చి 1569 నాటి దావా పత్రము 1983లో ప్రకటితమైనది. దానిప్రకారము వేదిక పొడవు 40 అడుగులు, వెడల్పు 30 అడుగులు. లండను తూర్పుభాగమున బయల్పడినట్లు 2020లో ప్రకటింపబడిన కొయ్యకట్టడము 12.27 మీటర్ల పొడవు, 9.27 మీటర్ల వెడల్పు గలది. అది రెడ్ లయనే యని త్రవ్వినవారు భావించిరి. కొలతలు దాదాపు సరిపోవుచున్నవి. పనివానితో తగవుపడిన ఒకని ఫిర్యాదు నాలుగువందల యేండ్లకు పైబడిన పిమ్మట కట్టడమును గుర్తించుటకు తోడ్పడినది.

ఉపసంహారము

ఈ విచారమువలన తేలునది యిది. సాక్ష్యముల విలువ అవి చెప్పదలచిన గొప్పదనమువలన ఏర్పడదు. రోమకవైభవమును తలచుచు చిత్రించిన యాత్రికునికంటె, మేకుల వెల వ్రాసికొనిన యజమాని కొన్నియెడల ఎక్కువ నమ్మదగినవాడు. ఐనను అతడును తన ప్రయోజనమువఱకే సాక్షి. ఒక్కొక్క పత్రము ఎవరికొఱకు, ఎందుకొఱకు వ్రాయబడెనో తెలిసికొని, వాని మౌనమును గుర్తించి, ఒకదానితో నొకటి పోల్చినపుడే చరిత్ర సిద్ధించును.

తెలుగు నాటకరంగ చరిత్రను పరిశోధించు విద్యార్థులకును ఇది గ్రహింపదగిన పాఠము. ముద్రితనాటకములు, నటుల ప్రశంసలు, స్మృతివ్యాసములు మనకు సులభముగా లభించును. ఊరూర తిరిగిన నాటకసమాజముల జమాఖర్చు పుస్తకములు, కరపత్రములు, పందిరి వేసినవానితో చేసికొనిన ఒప్పందములు, కచ్చేరీలలోని వ్యాజ్యపత్రములు అల్పములని తోచి చెదలపాలగుచున్నవి. హెన్‌స్లో పుస్తకమును ఎవడైనను పాతకాగితమని పాఱవేసియున్నచో షేక్స్పియరు కాలపు రంగస్థలమును గూర్చిన మన జ్ఞానము ఎంత క్షీణించియుండునో తలచుకొనినచో, ఆ యల్పమైన కాగితములను నేడే సేకరింపవలసిన యావశ్యకత బోధపడును.