బి.పి. మాత్ర – కడుపులోని బిడ్డ

రక్తపు పోటుకు డాక్టరుగారు రాసిచ్చిన మాత్ర రోజూ వేసుకుంటున్నారా? మంచిదే. అయితే ఆ మాత్ర పేరేమిటో తెలుసా? అట్టమీద ఒకసారి చూడండి. చదవడం రాకపోతే అట్ట తెచ్చి మాకు చూపించండి, ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

ఎనలాప్రిల్ అని ఉంటే ఈ కాగితం మీకోసమే. లిసినోప్రిల్, రామిప్రిల్ కూడా ఆ కోవలోవే. మన ఒంట్లో రక్తనాళాలను బిగించే పదార్థం ఒకటి తయారవుతూంటుంది. ఈ మాత్ర దాని తయారీని తగ్గిస్తుంది. నాళాలు వదులై పోటు దిగుతుంది, గుండెకు భారం తగ్గుతుంది. అందుకే బలహీనపడిన గుండెకూ దీన్నే ఇస్తారు. కొందరికి పొడిదగ్గు వస్తుంది. పెదవులు, నాలుక వాచితే మాత్రం మందు ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇంత మంచి మందు గర్భిణీ స్త్రీకి పనికిరాదు. ముఖ్యంగా నాలుగో నెల నుంచి వాడితే బిడ్డ మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆ నెలల్లో ఉమ్మనీరు చాలావరకు బిడ్డ మూత్రమే. అది తగ్గితే ఉమ్మనీరు తగ్గుతుంది, ఊపిరితిత్తులు ఎదగవు, పుర్రె ఎముకలు సరిగా ఏర్పడవు. బిడ్డ దక్కకపోవచ్చు కూడా. టెల్మిసార్టాన్, లోసార్టాన్ వేరే రకం మాత్రలైనా వాటితోనూ ఇదే ప్రమాదం. మాత్ర వేసుకునేది భర్త అయితే ఈ బెడద లేదు.

ఇది చదివి భయపడి మీ అంతట మీరు మాత్ర మానేయకండి! పోటు పెరిగితే తల్లికే ముప్పు. బిడ్డ కావాలనుకుంటే భార్యాభర్తలిద్దరూ ముందుగానే వచ్చి చెప్పండి. మిథైల్ డోపా, లాబెటలాల్ వంటి వాటికి డాక్టరుగారు మారుస్తారు. గుండె జబ్బున్న స్త్రీ అయితే, ఆమె గుండె గర్భాన్ని తట్టుకోగలదా అనేది కూడా ముందే అడగాలి. అనుకోకుండా నెల తప్పితే, "మూడో నెల వచ్చాక చెబుదాంలే" అనుకోవద్దు. అనుమానం వచ్చిన రోజే రండి. పాత చీటీతో షాపులో అవే మాత్రలు కొని మింగేవారికే ఎక్కువ ప్రమాదం.

ఇప్పుడే బిడ్డ వద్దనుకుంటే? మాలా-ఎన్ వంటి రోజువారీ మాత్రలు బి.పి. ఉన్నవారికి తగవు, అవి పోటును పెంచగలవు. పక్కింటి వదిన వాడుతోందని మీరూ మొదలుపెట్టకండి. బి.పి. ఉన్నవారు కాపర్-టి వేయించుకోవచ్చు. నిరోధ్ ఎలాగూ ఉంది. పిల్లలు చాలనుకుంటే, బి.పి. ఉన్న భార్యను ఆపరేషను బల్ల ఎక్కించేకన్నా భర్త వేసెక్టమీ చేయించుకోవడమే మేలని నా అభిప్రాయం. అది చిన్న ఆపరేషను. ఆ తరువాత మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్యపరీక్ష చేయించుకోవాలి.