ఒక చాక్లెట్, రెండు పంటలు, ఒకే నది



దసరా సెలవులు దగ్గర పడుతున్నాయి. ఎల్లారెడ్డి, బాన్సువాడ, పిట్లం వైపు కుటుంబాలు చాలావరకు ఈ సెలవుల్లో ఒకసారైనా హైదరాబాద్ వెళ్తాయి. పిల్లలు అడిగే చోట్లలో జూపార్కు, బిర్లా ప్లానెటేరియం ఎప్పుడూ ఉండేవే. వాటితో పాటు ఇప్పుడు బంజారాహిల్స్‌లోని 'మనం చాక్లెట్ కార్ఖానా' పేరు కూడా వినిపిస్తోంది. 2023లో తెరిచిన ఈ చోట, చాక్లెట్ తయారవుతుంటే అద్దాల ఇవతల నిలబడి చూడవచ్చు. టైమ్ పత్రిక 2024లో ప్రకటించిన ప్రపంచంలోని గొప్ప ప్రదేశాల జాబితాలో దీనికి చోటు దక్కింది.

పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. అయితే బయలుదేరే రోజు ముందుగా నిజాంసాగర్ కట్ట మీద ఒక గంట ఆగండి. చాక్లెట్ పాఠం అక్కడ మొదలవుతుంది.

మొదటి మజిలీ: మంజీర ఒడ్డు, చెరుకు చేను

చాక్లెట్‌లో ముఖ్యమైన పంటలు రెండు: చెరుకు, కోకో. మొదటిది మన ప్రాంతం పంటే.

మంజీర నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. దీన్ని రూపొందించిన ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజైన జులై 11నే తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఈ ప్రాజెక్టు కాలువల నీటితో చెరుకు సాగు పెరిగింది. ఆ చెరుకు కోసమే 1930ల చివర్లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీ చుట్టూ వెలిసిన ఊరి పేరే శక్కర్‌నగర్. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరున్న ఇది 2015లో మూతపడింది.

కట్ట మీద పిల్లల్ని ఈ లెక్క చేయమనండి. పది కిలోల చెరుకు ఆడితే సుమారు ఒక కిలో చక్కెర వస్తుంది. మీ ఇంట్లో నెలకు ఎన్ని కిలోల చక్కెర వాడతారు? దానికి ఎంత చెరుకు కావాలి? ఆ చెరుకు చేనులో ఎన్ని నెలలు పెరగాలి? చివరి ప్రశ్నకు జవాబు తాతగారికి తెలిసే ఉంటుంది. ఫోన్ చేసి అడగనివ్వండి.

రెండో మజిలీ: బంజారాహిల్స్, కోకో గింజ

ఎల్లారెడ్డి, మెదక్, నర్సాపూర్ మీదుగా హైదరాబాద్ చేరే దారిలో పిల్లలతో ఒక మ్యాప్ ఉంచండి. నిజాంసాగర్ దాటిన మంజీర ఎటు పోతుందో వేలితో గీయమనండి. అది కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి భద్రాచలం, రాజమండ్రి దాటి సముద్రం చేరుతుంది. నది చివర ఉన్న ఆ గోదావరి జిల్లాలు, పక్కనే ఉన్న ఏలూరు జిల్లా మన దేశంలో కోకోకు పెద్ద నెలవు. అక్కడ కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతర పంటగా కోకో వేస్తారు. కార్ఖానాలో వాడే కోకో ఆ పశ్చిమ గోదావరి ప్రాంతానిదే.

కోకో కాయ కొమ్మల చివర కాకుండా నేరుగా చెట్టు మాను మీద కాస్తుంది. ఒక్కో కాయలో సుమారు ముప్పై నలభై గింజలు, వాటి చుట్టూ తెల్లని తీపి గుజ్జు ఉంటాయి. గింజల్ని గుజ్జుతో సహా ఐదారు రోజులు పులియబెడతారు. చాక్లెట్ రుచి మొదలయ్యేది అక్కడే. ఇడ్లీ పిండి పులిస్తేనే రుచి వచ్చినట్టు అని చెబితే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. తర్వాత ఎండబెట్టి, వేయించి, పొట్టు తీసి, నూరుతారు. ప్రపంచంలో చాలామంది చిన్న తయారీదారులు నూరడానికి వాడేది మన వెట్ గ్రైండర్ లాంటి రాతి యంత్రాలే.

అద్దం ముందు నిలబడినప్పుడు "ఇది ఏ దశ?" అని అడగండి. జవాబు మీరే చెప్పేయకండి. కాసేపు చూసి వాళ్లే చెబుతారు, లేదంటే అక్కడి సిబ్బందిని అడుగుతారు. కొత్తవాళ్లను మర్యాదగా ప్రశ్న అడగడం కూడా చదువే.

లేబుల్ చదవడం

మన దుకాణాల్లో ఏ బిళ్ల కొన్నా చాక్లెట్ అనే అంటాం. నిజంగా అందులో కోకో ఉందా? ప్యాకెట్ వెనుక పదార్థాల పేర్లు బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. మొదటి పేరు చక్కెర అయితే, మిగతా వాటన్నిటికంటే దాని బరువే ఎక్కువన్న మాట. కోకో బటర్ ఉందా, దాని బదులు వెజిటబుల్ ఫ్యాట్ ఉందా అన్నది కూడా చూడమనండి.

ఉదాహరణకు 100 గ్రాములకు 50 గ్రాముల చక్కెర అని ఉంటే, 40 గ్రాముల బార్‌లో 20 గ్రాములు, అంటే ఐదు టీస్పూన్లు. విడిగా కలిపే చక్కెర రోజుకు 25 గ్రాములకు లోపే ఉంటే పెద్దవారికి కూడా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 2025 మేలో సీబీఎస్ఈ తన పాఠశాలల్లో 'షుగర్ బోర్డు' పెట్టమన్నది ఇందుకే. తినవద్దని కసిరితే పిల్లలు చాటుగా తింటారు. లెక్క తెలిస్తే సగం విరిచి దాచుకోవడం నేర్చుకుంటారు.

ధర వెనుక మనిషి

ఈ ప్రయాణంలో అసలు ప్రశ్న ఒకటుంది. మనం చాక్లెట్‌కు ఇచ్చిన డబ్బులో రైతుకు చేరేదెంత?

కోసిన చెరుకు ఎక్కువ రోజులు ఆగదు, వెంటనే ఆడకపోతే చక్కెర శాతం పడిపోతుంది. అందుకే దగ్గర్లో ఫ్యాక్టరీ లేకపోతే రైతు చెరుకు వేయలేడు. బోధన్ ఫ్యాక్టరీ మూతపడటం వల్ల రైతుకు, కార్మికుడికి కలిగిన నష్టం గురించి మన ఇళ్లలో చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. కోకో రైతుదీ ఇలాంటి కథే. 2024 డిసెంబరులో ప్రపంచ మార్కెట్‌లో టన్ను కోకో 12,000 డాలర్లు దాటింది. కొద్ది నెలలకే, 2025లో, ఆంధ్రప్రదేశ్ కోకో రైతులు గిట్టుబాటు ధర కోసం ఆందోళనకు దిగారు. కొనేవాళ్లు కొద్దిమందే అయినప్పుడు ధర రైతు చేతిలో ఉండదు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఇది అర్థంకాని విషయమేమీ కాదు. భోజనాల దగ్గర మాట్లాడండి.

ఇంటికి వచ్చాక

1 నుంచి 3 తరగతులు: కోకో చెట్టు బొమ్మ వేయాలి. కాయలు ఎక్కడ కాస్తాయో గుర్తుంచుకుని గీయాలి.

4 నుంచి 6 తరగతులు: నిజాంసాగర్ నుంచి సముద్రం దాకా మంజీర, గోదావరి దారి గీసి, చెరుకు, కోకో పండే చోట్లు గుర్తించాలి. ఇంట్లో ఉన్న మూడు ప్యాకెట్ల చక్కెర లెక్క పట్టికగా రాయాలి.

7 నుంచి 10 తరగతులు: చెరుకు పండించిన, లేదా చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక పెద్దమనిషితో మాట్లాడి, వారి మాటల్లోనే ఒక పేజీ రాయాలి.

హైదరాబాద్ వెళ్లడం కుదరకపోయినా ఫర్వాలేదు. నిజాంసాగర్ కట్ట, ఒక చాక్లెట్ ప్యాకెట్, ఇంట్లో తాతయ్యో నానమ్మో ఉంటే ఈ మూడు పనులూ చేయవచ్చు. రాసినవి సెలవులు ముగిశాక మొదటి వారంలో తరగతి ఉపాధ్యాయులకు ఇవ్వండి. తరగతి గోడ మీద పెడతాం.